వరసగా రెండు తెల్లవి

ఫిలిం మాస్టారు బతుకులో ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. గ్రంథాలయంలో ప్రాచీన ప్రతులకు ఫొటోలు తీయడం ఆయన ఉద్యోగం. ఎప్పుడో ఒక జవాను సరదాకి 'మాస్టారూ' అన్నాడు, ఆ పిలుపు జిగురులా అంటుకుపోయింది. రిటైరై పదేళ్ళు దాటినా వారానికి మూడు రోజులు వచ్చి నేలమాళిగలో ఫిలిం గదిలో కూర్చునేవాడు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఏ ఫిలిం చుట్ట ఏ అరలో ఉందో ఆయనకు తప్ప మరొకరికి తెలియదు కాబట్టి తాళంచెవి వెనక్కి ఇమ్మని అడగడం ఎవరికీ తోచలేదు. భార్య పోయి ఆరేళ్ళు. ఇంట్లో గోడగడియారం ఒక్కటే చప్పుడు చేసేది. ఫిలిం గదిలో అయితే చల్లదనం కోసం పెట్టిన మిషన్ రోజంతా ఏదో ఒకటి గొణుగుతూ ఉండేది, మనిషికి తోడున్నట్టుండేది.

ఆ సోమవారం పొద్దున్న గ్రీకమ్మ మెట్లు దిగి వచ్చేసరికి ఆయన రేకుడబ్బాల మూతలు తుడుస్తున్నాడు. గ్రీకమ్మ పై అంతస్తులో పాత బైబిలు ప్రతులమీద పనిచేసే పండితురాలు. గ్రీకూ హీబ్రూ రెండూ ఆమెకు కొట్టిన పిండి. హీబ్రూని కూడా కలిపి పేరు పెడదామంటే నోరు తిరగలేదని జవాన్లు సగం చదువుతోనే సరిపెట్టారు.

"మాస్టారూ, ఖాళీయేనా?"

"నేను ఖాళీగా లేనిదెప్పుడమ్మా. కూర్చో."

ఆమె కూర్చోలేదు. చంకలో ఉన్న అట్టల మధ్యనుంచి నాలుగు పెద్ద ప్రింట్లు తీసి, బల్లమీద వరసగా పరిచింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకోకుండానే గుర్తుపట్టాడు. కొండమఠం ప్రతి. ఆయన చేతిమీదుగా నడిచిన మూడువందల చిల్లర గ్రంథాల్లో ఆయనకు సొంతబిడ్డలాంటిది అదొక్కటే. వెయ్యేళ్ళ కిందట తోలు ఆకులమీద గ్రీకులో రాసిన బైబిలు భాగం. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట కొండమీద ఆ మఠంలో పదకొండు రోజులుండి, ఎదురెదురు పుటలు రెండూ ఒకే ఫ్రేములో పడేటట్టు ఆకు ఆకునా ఫొటో తీశాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు మఠంలో గ్రంథాల గది అంటుకుని, పుస్తకం బూడిదైపోయింది. అప్పటినుంచి ఎవరైనా వచ్చి అసలు ప్రతి ఎక్కడుందని అడిగితే మాస్టారు లేచి వెళ్ళి రేకుడబ్బా మీద చెయ్యి వేసి, "ఇదే అసలు" అనేవాడు.

"నలభై ఏడో ఫ్రేములో కుడిపుట వాక్యం సగంలో ఆగింది," అంది గ్రీకమ్మ. "నలభై ఎనిమిదిలో ఎడంపుట ఇంకేదో వాక్యం మధ్యనుంచి మొదలైంది. నడుమ రెండు పుటల సరుకు లేదు."

"ఆకు ఊడిపోయుంటుందమ్మా. వెయ్యేళ్ళ పుస్తకం. నాకు డెబ్బై ఏళ్ళకే సగం పళ్ళు ఊడాయి."

"తొమ్మిదేళ్ళుగా నేనూ అలాగే అనుకున్నాను. ఊడిపోయిందని రాసి పెట్టుకున్నాను కూడా. అచ్చుకు పంపేముందు ఆఖరిసారి చూద్దామని నిన్న పుటల ఛాయలు రాసుకుంటూ కూర్చున్నాను." ఆమె వేలితో ఒక్కో ప్రింటునూ తాకింది. "నలభై ఆరు ముదురు. నలభై ఏడు తెలుపు. నలభై ఎనిమిది తెలుపు. నలభై తొమ్మిది ముదురు."

అంతకు మించి చెప్పనక్కర్లేకపోయింది. తోలుకి రెండు ముఖాలుంటాయి. ఒకప్పుడు వెంట్రుకలున్న ముఖం పచ్చగా, సన్నటి చుక్కలతో ఉంటుంది. లోపలి ముఖం పాలలా ఉంటుంది. గ్రీకు రాతగాళ్ళకు ఒక పట్టింపు ఉండేది. పుస్తకం ఎక్కడ తెరిచినా ఎదురెదురు పుటలు రెండూ ఒకే ఛాయలో ఉండేటట్టు ఆకులు అమర్చేవాళ్ళు. కాబట్టి పుస్తకం తిప్పుతూ పోతే ఒక జోడీ ముదురు, ఒక జోడీ తెలుపు, మళ్ళీ ముదురు, మళ్ళీ తెలుపు. మధ్యలో ఆకు ఊడితే ఆ చోట ఒక పక్క తెల్లపుట, ఒక పక్క ముదురుపుట ఎదురుపడి, సరిపోలని జోళ్ళలా కనబడతాయి. ఇక్కడ అలా లేదు. జోడీలు జోడీల్లాగే ఉన్నాయి. ఒక ముదురు జోడీయే మొత్తానికి లేదు.

"రెండాకులు కలిసి తిరిగాయి," అన్నాడు మాస్టారు.

"ఆ మాట నేననలేదు."

"నువ్వనక్కర్లేదమ్మా."

ఆకులు ఊడిపోలేదు. మాస్టారు కెమెరా కింద ఆ రెండు పుటలూ ఉన్నాయి. ఒకదానికొకటి అతుక్కుని, మూసుకుని ఉన్నాయి. మాస్టారు వాటిని చూడకుండానే దాటి వెళ్ళిపోయాడు. తర్వాత అవి కాలిపోయాయి.

"ఆ రెండు పుటల్లో ఏముండాలి?" అని అడిగాడు, అడగకుండా ఉంటే బాగుండునని అనుకుంటూనే.

గ్రీకమ్మ అప్పుడు కూర్చుంది. ఆ భాగం, ఆస్తీ పిల్లలూ ఒంట్లో ఆరోగ్యమూ అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న ఒక మనిషి కథ. పై అంతస్తులో అందరూ దాన్ని 'ఓర్పుమనిషి కథ' అనేవాళ్ళు. ఇప్పుడు దొరికే హీబ్రూ ప్రతులన్నిట్లోనూ ఆ మనిషి భార్య ఒక్క పుల్లవిరుపు మాట అని తప్పుకుంటుంది. గ్రీకు ప్రతుల్లో మాత్రం ఆవిడ చాలాసేపు మాట్లాడుతుంది. కడుపున పుట్టినవాళ్ళ గురించి, ఊరూరా తిరిగి చేసే కూలిపని గురించి, పొద్దెప్పుడు వాలుతుందా అని చూసే చూపు గురించి. ఆవిడ నిజంగానే అంత చెప్పుకుందా, లేక గ్రీకులోకి మార్చినవాడెవడో మనసు ఆగక ఆవిడ నోట్లో ఆ మాటలు పెట్టాడా అన్నది పండితులు తలలు బద్దలు కొట్టుకునే ప్రశ్న. కొండమఠం ప్రతి అంచుల్లో ఎవరో ఒక చదువరి హీబ్రూ అక్షరాలతో చిన్న చిన్న గుర్తులు రాసుకున్నాడు. తన దగ్గరున్న ఒక బాగా పాత హీబ్రూ ప్రతిలో ఏ చోట ఏముందో ఆ గుర్తులు చెబుతాయి. ఆ హీబ్రూ ప్రతి ఏమైందో ఎవరికీ తెలియదు. గ్రీకమ్మ తొమ్మిదేళ్ళ చాకిరీ ఆ గుర్తుల మీదే.

"ఆ రెండు పుటల్లో ఉండాల్సింది ఆవిడ మాటలే. వాటి పక్కన కూడా గుర్తు పెట్టి ఉంటాడు. తప్పకుండా పెట్టే ఉంటాడు," అంది. "అచ్చుకి ఇంకా అయిదు వారాలుంది మాస్టారూ. ఏదైనా దారుంటుందేమోనని వచ్చాను. మిమ్మల్ని నిలదియ్యడానికి రాలేదు."

ఆమె వెళ్ళాక మాస్టారు బీరువా అడుగు అరలోంచి పాత నోటుపుస్తకం తీశాడు. కొండమఠంలో ఏ ఫ్రేముకు ఎన్ని సెకన్లు వెలుగు ఇచ్చాడో అందులో ఉంది. ముదురు పుటలకు నాలుగు, తెల్లవాటికి మూడు. నాలుగు, మూడు, నాలుగు, మూడు. ఆ పదకొండు రోజులూ ఆ లయ ఒంట్లోకి ఎంత ఇంకిపోయిందంటే నిద్రలో కూడా అలాగే ఊపిరి తీసేవాడు. నలభై ఏడో అంకె ఎదురుగా మూడు. నలభై ఎనిమిది ఎదురుగా మొదట నాలుగు రాసి, కొట్టేసి, మూడు అని దిద్ది ఉంది. తన దస్తూరీయే. అంటే ఆ నిమిషంలో చెయ్యి నాలుగుకు సిద్ధపడింది, కన్ను పుట తెల్లగా ఉందని చూసింది, ఆయన అంకె దిద్దాడు. పుట చూసి సమయం మార్చుకోగల తన నేర్పుకి బహుశా లోపల మురిసిపోయి కూడా ఉంటాడు. ఎందుకు తెల్లగా ఉందని మాత్రం అడగలేదు.

మర్నాడు మరదలికి ఫోను చేశాడు. ఆమె భార్యకు చెల్లెలు. కొండమీద ఆకులు తిప్పింది ఆమే. అప్పుడు ఇరవై నాలుగేళ్ళది. ఇప్పుడు రెండు వీధుల అవతల బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణం నడుపుతోంది. మెళ్ళో కొలత టేపు వేలాడుతుండగానే ఫిలిం గదికి వచ్చింది.

"ఏంటి బావా, ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా. అక్క ఉన్నప్పుడు ఆదివారమైతే కాఫీకైనా పిలిచేవాడివి."

"కూర్చో చిన్నీ."

"అరవై రెండేళ్ళ దాన్ని పట్టుకుని చిన్నీ ఏంటి. మోకాళ్ళు వింటే నవ్వుతాయి." అని కూర్చుని, ఆయన ముఖం చూసి, టేపు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఎవరికేమైంది?"

ఆయన చెప్పాడు. ప్రింట్లు చూపించాడు, నోటుపుస్తకం చూపించాడు. ఆమె టేపును వేలికి చుట్టింది, విప్పింది.

"నేను చెప్పాను," అంది చివరికి.

"ఏం చెప్పావు?"

"ఒకటి తగ్గిందని చెప్పాను."

ఆ మాట వినగానే ఆయనకు కొండమీది ఆఖరి మధ్యాహ్నం మొత్తం కళ్ళముందు నిలబడింది. కింద జీపువాడు హారను కొడుతున్నాడు. దీపాలు మడిచేశారు. మఠం జాబితాలో రెండువందల పన్నెండు ఆకులని ఉంది. తిప్పుతూ తిప్పుతూ ఈమె మనసులో వేసుకున్న లెక్క రెండువందల పదకొండు. అరగంట కూర్చుంటే మళ్ళీ ఒక్కసారి తిప్పేస్తానంది. జాబితా రాసిన ముసలి సన్యాసి అట్టకు అంటించిన ఉత్త ఆకుని కూడా కలిపేసి ఉంటాడని ఆయన అన్నాడు. అలాంటివి ఆయన పదిచోట్ల చూశాడు. పదిచోట్లా నిజమే అయింది కూడా. 'నా పని నాకు తెలుసులే చిన్నీ' అని పెట్టె మూశాడు.

"గుర్తొచ్చిందా?" అంది మరదలు.

"వచ్చింది."

"ఆ ఆకు దగ్గర చేతికి మందంగా తగిలింది బావా. అది కూడా నాకు గుర్తుంది. తోలు కదా, ఒక్కోటి ఒక్కోలా ఉంటుందనుకున్నాను. జనరేటరు రెండు గంటలే ఇస్తారు, నువ్వేమో తిప్పు తిప్పు అని ప్రాణం తీస్తున్నావు. పుల్ల పెట్టి విడదీసి చూద్దామా అనుకునేలోపు నువ్వు బటన్ నొక్కేశావు." ఆమె టేపు పక్కన పెట్టేసింది. "నేను నీ మాట వినకుండా ఉండాల్సింది. అక్కలా."

ఆ 'అక్కలా' అన్న మాటకు ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు గానీ, వచ్చినంతసేపు మాత్రం నిజంగానే వచ్చింది.

దారి ఒకటి ఉందని మాస్టారుకు తోచింది ఆ నవ్వు తర్వాతే. పాతకాలపు సిరా తోలులోకి దిగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక పక్క రాసింది రెండో పక్కకు లీలగా ఊరుతుంది, తిరగేసిన నీడలా. మాయమైన పుటలు రెండింటికీ వెనకపక్కలు ఫిలిం మీద ఉన్నాయి. నలభై ఏడులో కుడిపుట, నలభై ఎనిమిదిలో ఎడంపుట. వాటిమీద ఆ నీడ పడి ఉంటే నెగటివుని తిరగేసి, ముదురుగా ప్రింటు తీసి, ఒక్కో అక్షరం ఏరుకోవచ్చు. వేరే గ్రంథాలయాలవాళ్ళు అలా పుటలకు పుటలు చదివారని గ్రీకమ్మ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతు కాస్త పైకి లేచింది.

మూలపడిన చీకటిగది తెరిచారు. కుళాయి తుప్పునీళ్ళు కక్కి కక్కి తేరుకుంది. ఎర్రదీపం వెలిగింది. ఫొటోలు కడిగే మందులకి గడువు దాటి రెండేళ్ళయినా పనిచేశాయి. ఇంకేమైనా కలిసొస్తుందని నమ్మడానికి మాస్టారుకి ఆ మాత్రం చాలింది. మధ్యాహ్నాలు మరదలు దుకాణం మూసి వచ్చేది. తొట్టిలో కాగితం ఆడించడం ఆమె పని. గుడ్డ నానబెట్టే చెయ్యి కదా, అలుపులేకుండా ఒకే తీరుగా ఆడేది. జవాను టీ తెచ్చి, లోపల ఎర్రదీపం ఉందని తెలిసి తలుపు తట్టకుండా గడప దగ్గర పెట్టి, మీద సాసరు మూసి వెళ్ళేవాడు. ఎప్పుడు బయటికొచ్చినా టీ గోరువెచ్చగానే ఉండేది.

మూడు రోజుల్లో ఇరవై ఆరు ప్రింట్లు తీశారు. గ్రీకమ్మ భూతద్దం పెట్టుకుని ఒక్కోటీ అంగుళం అంగుళం వెతికింది. ముందువైపు రాత నిక్కచ్చిగా, నల్లగా ఉంది. దాని సందుల్లో వెనకవైపు నీడ లేదు. ఎక్కడా లేదు. పుట కడిగిన ముత్యంలా ఉంది.

"ఇంత శుభ్రంగా ఎలా ఉంది మాస్టారూ," అందామె మూడో రోజు, కళ్ళు నలుపుకుంటూ. తప్పు పట్టడానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. "ఇతరుల ఫిలిముల్లో ఈ నీడ తలనొప్పి. చదవనివ్వదు. మీ చుట్టల్లో ఏ పుస్తకానికీ అది కనబడదు."

మాస్టారు తల ఎత్తి ఎదురుగోడ వంక చూశాడు. అక్కడ చట్రం కట్టిన ఉత్తరం ఒకటి ముప్ఫై ఏళ్ళుగా వేలాడుతోంది. దూరదేశపు ప్రొఫెసరు ఒకాయన రాసింది. మీ ఫొటోల్లో వెనకవైపు సిరా ఛాయ కూడా లేకపోవడం మాకు ఎంతో మేలు చేసింది అని. ఆ మేలు ఊరికే రాలేదు. తేనెరంగు గాజు ఒకటి కటకం ముందు బిగించేవాడు. లేత గోధుమరంగు మరకలన్నిటినీ అది మింగేసేది, నల్లసిరా మాత్రం మిగిలేది. ఆ గాజు కోసం రెండేళ్ళు తిరిగాడు. నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసుంది: 'తేనెరంగు గాజు, అన్ని ఫ్రేములకూ.' మొన్న దాన్ని చూసి కూడా దాటి అంకెలకు వెళ్ళిపోయాడు.

"గాజు," అన్నాడు.

గ్రీకమ్మకు అర్థమైంది. ఆమె కుర్చీని మెల్లగా గోడవైపు తిప్పుకుని, సంచీలో ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు వెతికింది. ఆయన కళ్ళజోడు తీసి ముఖం తుడుచుకుని, మళ్ళీ పెట్టుకునేదాకా వెతుకుతూనే ఉంది.

అంతటితో అయిపోయిందనుకున్నారు. ప్రింట్లు పోగుచేస్తూ మరదలు ఒకటి చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టింది. చొక్కా అంచు తనిఖీ చేసే అలవాటు.

"ఇక్కడ చిరుగుంది."

"చిరుగు కాదు, పుట్టుచిల్లు," అన్నాడు మాస్టారు అన్యమనస్కంగా. "బతికున్నప్పుడు జంతువుకి ఈగ కుట్టిన చోటు. తోలు సాగదీస్తే పెద్దదవుతుంది. రాతగాళ్ళు దాన్ని తప్పించి రాస్తారు."

"అయితే ఇందులోంచి కనబడేది ఏంటి?"

మాస్టారు ప్రింటు లాక్కుని చూశాడు. నలభై ఏడో ఫ్రేము, కుడిపుట, బయటి అంచు. కందిగింజంత చిల్లు. అందులోంచి కనబడేది దాని వెనకాల ఉన్న ఆకు. అతుక్కుపోయిన ఆ రెండో ఆకు ముందు ముఖం. ఇన్నాళ్ళూ అందరూ మరక అనుకున్నది అదే. మాయమైన పుటల్లో ఈ భూమ్మీద మిగిలినది ఆ కందిగింజంత మేర.

"అది బయటి అంచు," అంది గ్రీకమ్మ నెమ్మదిగా. "గుర్తులు రాసేది అక్కడే."

బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జరులో నెగటివును మరదలు బిగించింది. ఎన్‌లార్జరును నిలువుకంబీ చివరిదాకా ఎత్తారు. అదీ చాలక, దాన్ని పక్కకు తిప్పి, వెలుగు ఎదురుగోడ మీద పడేటట్టు పెట్టి, గోడకు కాగితం గుచ్చారు. చిల్లు పళ్ళెమంత అయింది. అందులో ఫిలిం రవ్వలు ఇసుకలా కనబడ్డాయి. ఆ ఇసుక మధ్య, ఎడమపక్కకు, ఒక గీత. కిందికి దిగి, చివర కాస్త లోపలికి ఒంగిన గీత.

గ్రీకమ్మ గోడ దగ్గరికి వెళ్ళి, నీడ అడ్డం పడకుండా పక్కగా నిలబడి చూసింది. చాలాసేపు చూసింది.

"గ్రీకు కాదు. హీబ్రూ అక్షరం కాలు. గుర్తులు రాసినవాడి చెయ్యే. ఈ ఒంపు నాకు తెలుసు."

"ఏ అక్షరం?" అన్నాడు మాస్టారు.

"ఇలాంటి కాలు నాలుగు అక్షరాలకుంటుంది. తల కనబడితే గానీ చెప్పలేం."

"నాలుగింట్లో ఏదో ఒకటి అనుకుంటే?"

"ఏ మాటకైనా సరిపోతుంది మాస్టారూ. 'ఉంది' అనడానికీ సరిపోతుంది, 'లేదు' అనడానికీ సరిపోతుంది."

మరదలు వెళ్ళి దీపం వేసింది. గోడమీది గీత చెరిగిపోయి, ఉత్త తెల్లకాగితం మిగిలింది.

"పోనీ, అక్కడ గుర్తు ఉందని తేలింది కదా," అంది.

"తేలింది," అంది గ్రీకమ్మ. "పొద్దుటిదాకా, అక్కడేమీ రాసి ఉండడేమోనని ఒక సర్దుబాటు ఉండేది నాకు." తర్వాత తానన్నది ఆయన విన్నాడని గుర్తొచ్చి, "క్షమించండి," అంది.

"నువ్వెందుకమ్మా," అన్నాడు మాస్టారు.

గ్రీకమ్మ వస్తువులు సర్దుకుంటుంటే మరదలు అడిగింది. "ఆ ఆడమనిషి మాటలు వాళ్ళెవరో కల్పించారనే అనుకుందాం. జాలిపడి కల్పిస్తే మాత్రం ఏం పోయింది?"

"ఏం పోలేదు పెద్దమ్మా. జాలిపడింది ఎవరో తెలిస్తే బాగుండేదని, అంతే."

మూడు వారాల తర్వాత గ్రీకమ్మ ముందుమాట చిత్తుప్రతి పట్టుకుని వచ్చింది. మరదలు కూడా ఉంది అప్పుడు. ఈమధ్య ఏ పనీ లేకపోయినా వస్తోంది. కొండమఠం ప్రతి గురించి రాసిన చోట గ్రీకమ్మ ఒక వాక్యం కింద పెన్సిలుతో గీసి చూపించింది. 'నలభై ఏడవ ఫ్రేము తర్వాత ప్రతిలో ఒక ఆకు లోపించింది.'

మాస్టారు చదివి, కాగితం వెనక్కి తోశాడు.

"ప్రతిలో లోపం లేదు."

"తెలుసు. ఇలా రాస్తే చదివేవాళ్ళకు కావలసింది తెలుస్తుంది, రెండు పుటలు లేవని. అంతకన్నా ఎవరికీ అక్కర్లేదు." ఆమె ఆయన ముఖం చూడకుండా చెప్పింది. "పుస్తకం ముందు మీకు కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. ఆ రెండూ ఒకే పేజీలో..."

"అమ్మా, ఈ పుస్తకం ఎవరో ఒకరు ఇంకో యాభై ఏళ్ళకు చదువుతారు. ఆకు లోపించింది అని చూసి, ఓహో, ఆ సన్యాసులు పోగొట్టుకున్నారు కాబోలు అనుకుంటారు. వాళ్ళు వెయ్యేళ్ళు కాపాడారు. పదకొండు రోజుల్లో పోగొట్టింది నేను. నా పేరు రాయి. ఫొటో తీసినవాడి పొరపాటు అని రాయి."

"అదేం కుదరదు," అంది మరదలు. "తిప్పింది నేను. నా చేతికి తగిలింది. తిప్పినదాని పొరపాటు అని రాయండమ్మా."

"నువ్వు ఒకటి తగ్గిందని చెప్పావు కదే."

"చెప్పి ఊరుకున్నాను కదా. గట్టిగా చెప్పలేదు."

"గట్టిగా చెబితే వినేవాడినా నేను?"

"అదీ నిజమే. అయినా సరే, నా వాటా నాకివ్వు బావా. మొత్తం నువ్వే కొట్టేస్తానంటే ఎలా. జీవితంలో నా పేరు అచ్చులో పడేది ఇదొక్కసారే."

గ్రీకమ్మ నవ్వలేక, నవ్వకుండా ఉండలేక, పెన్సిలు పళ్ళ మధ్య పెట్టుకుంది. చివరికి ఎవరి పేరూ లేకుండా ఒక వాక్యం రాసి చదివింది. 'ఇక్కడ ఫొటో తీసే సమయంలో రెండు ఆకులు కలిసి తిరిగినందున రెండు పుటలు నమోదు కాలేదు. కుడి అంచున హీబ్రూలో ఒక గుర్తు ఉండేది. దాన్ని ఇక చదవడం సాధ్యం కాదు.'

"'ఇక' అన్న మాట ఉంచుతావా?" అన్నాడు మాస్టారు.

"తీసెయ్యనా?"

ఆయన ఆలోచించాడు. "ఉంచు," అన్నాడు.

ఆమె వెళ్ళాక ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. పై వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు కిటికీ జాలీలోంచి కనబడుతున్నాయి. మధ్యాహ్నపు ఎండ రోజూ ఓ పావుగంట ఆ జాలీలోంచి దిగి, మొదటి అరమీద పడి పోతుంది. ఆ వేళకు అది పడింది. రేకుడబ్బాల అంచులు ఒక్కటొక్కటిగా మెరిశాయి.

మరదలు వాటినే చూస్తోంది.

"మొత్తం ఎన్ని పుస్తకాలు తీశావు బావా?"

ఆ ప్రశ్న మూడు వారాలుగా ఆయన వెంట తిరుగుతోంది. అది పైకి రాకుండా ఉండటానికే పొద్దున్నే లేచి డబ్బాల మూతలు తుడుస్తున్నాడు.

"మూడువందల నలభై," అన్నాడు. "నువ్వు వచ్చింది అయిదు పుస్తకాలకే. తర్వాత వేరేవాళ్ళు తిప్పారు."

"తిప్పినవాళ్ళు వేరే, తొందరపెట్టింది నువ్వే కదా."

"ఊఁ."

"వాటిల్లో ఇప్పటికీ అసలు పుస్తకాలు ఉన్నవి ఎన్ని?"

"తెలీదు. కొన్ని అమ్ముడుపోయాయి. కొన్నిటిని నీళ్ళు ముంచాయి. కొన్ని మఠాల్లో మనుషులే లేరు. ఉత్తరం రాస్తే జవాబు వచ్చేవి ఓ ముప్ఫై ఉంటాయేమో."

"మిగతావాటిల్లో రెండు తెల్లవి వరసగా దొరికితే ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యడానికీ లేదు."

ఎండ మొదటి అర వదిలి నేలమీదికి దిగింది. మరదలు మెళ్ళోంచి టేపు తీసి సంచీలో పడేసి, లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాడు. ఆమె వెళ్ళి ఫిలిం చూసే మిషన్ మీది గుడ్డ తీసి, మడత పెట్టి, దీపం మీట నొక్కింది.

"మొదటి డబ్బా ఎక్కడుంది?"

"దుకాణం?"

"బడులకు సెలవులు. దారం కూడా నన్ను చూసి ఆవులిస్తోంది. నువ్వు చెప్పు, నేను తిప్పుతాను. ఈసారి నెమ్మదిగా."

ఆ రోజు ఒక చుట్ట అయింది. అంతా సరిగ్గానే ఉంది. ముదురు, తెలుపు, ముదురు, తెలుపు. ఆయన పైకే అంటుంటే ఆమె చక్రం తిప్పింది. రెండోరోజు మరో రెండు అయ్యాయి. వాటిల్లోనూ ఏమీ లేదు. మాస్టారు ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం కడుపునిండా తిన్నాడు. చాలా రోజుల తర్వాత గోడగడియారం చప్పుడు వినకుండా నిద్రపోయాడు.

మూడోరోజు పదకొండు గంటలకు, నాలుగో చుట్టలో, నూట ముప్ఫయ్యో ఫ్రేము దగ్గర ఆయన నోరు ఆగిపోయింది. మరదలు చక్రం మీద చెయ్యి తియ్యకుండా తెరవంక చూసింది. ఒకడుగు వెనక్కి తిప్పింది. తెలుపు. ముందుకి తిప్పింది. తెలుపు.

"ఇది ఎక్కడిది?"

డబ్బామీది చీటీ చదివాడు. "నది పక్క మఠం. వరదలో పోయింది. మనం తీసిన మూడేళ్ళకు."

"ఇందులో ఏముంది?"

"నాకు చదవడం రాదు కదే."

ఆయన కాగితం దగ్గరికి లాక్కుని చుట్ట అంకె వేసి, దాని పక్కన నూట ముప్ఫై అని రాశాడు. ఏదైనా చిల్లు ఉందేమోనని ఆమె పుట అంచులన్నీ తెరమీద వేలితో తడిమింది. చిల్లు లేదు. నున్నటి, మంచి ఆకు.

"ఊఁ," అంది మరదలు, చక్రం మళ్ళీ పట్టుకుని. "తర్వాతది చెప్పు."

"ముదురు," అన్నాడు మాస్టారు.